నింపకూడని పీపా

రోష్‌క్లేర్ కొండ ఆసుపత్రి
2 సెప్టెంబరు 1958

అక్కా,

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టుకోకు. ఊపిరితిత్తిలో మచ్చ ఉందట. చిన్నదేనట. క్రిస్మస్‌కి ఇంట్లో ఉంటాను. పొద్దున పాలు, మధ్యాహ్నం పాలు, సాయంత్రం మళ్ళీ పాలు. ద్రాక్షతోటలో పుట్టినవాణ్ణి దూడను చేసి కూర్చోబెట్టారు.

నువ్వూ బావా వల్‌ఫ్రోయ్ చేరి ఇంటి తలుపులు తీశారని ఉత్తరం అందింది. బర్గండీలో ఇరవై రెండేళ్ళు బావ చేత చాకిరీ చేయించుకుని, ముసలి యజమాని పోగానే ఆయన కొడుకులు పొమ్మన్నారని విన్నాను. పాపం అనాల్సిందే. కానీ నా కోత సమయానికి మీరు ఖాళీగా దొరికారు, అందుకు లోపల సంతోషించాను. దాచడమెందుకు?

ఇక అసలు సంగతి. నేలమాళిగలో కుడివైపు చిన్న గది నీకు తెలుసు. అందులో ఒక్కటే పీపా ఉంది, 52 నాటి సవాన్యా ద్రాక్ష. ఆ తర్వాత ఒక ఏడు మంచు కాటేసింది, ఒక ఏడు వడగళ్ళు, మిగతావి నా దగ్గు మింగేసింది. పసుపు వైన్ అంటూ మనింట్లో మిగిలింది అదొక్కటే. ఇన్నాళ్ళు బర్గండీలో ఉండి మరిచిపోయుంటావని రాస్తున్నాను, కోప్పడకు. ఆ పీపా నింపకూడదు. వైన్ ఏటేటా తగ్గుతుంది, తగ్గనీ. మూడో వంతు ఖాళీ అయినా ఒక్క చుక్క పోయకూడదు, కదపకూడదు. వైన్ మీద కట్టిన పొరే దాన్ని కాస్తుంది. పొర చెదిరిందా, ఆరేళ్ళ కాపలా బూడిదలో పోసినట్టే.

జనవరికి ఆరేళ్ళ మూడు నెలలు నిండుతాయి. మన తోటలవాళ్ళ పండుగ, సెయింట్ విన్సెంట్ నాడు బిరడా తీస్తాం. మొర్లో అనే వ్యాపారి మన తోట కొంటానని మళ్ళీ వచ్చి వెళ్ళాడు. నేను మునుపటిలా కొండ ఎక్కలేకపోతే తోట ఆయనకా, మీకా అన్నది ఆ రోజే తేలుస్తాను. ఈ కోత, ఆ పీపా, రెండూ చక్కగా నడిపించండి. పరీక్ష పెడుతున్నాడు అనుకుంటావా? అనుకో.

నీ తమ్ముడు
ఆన్సెల్మ్

*

వల్‌ఫ్రోయ్
14 సెప్టెంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది, రెండోసారి నవ్వొచ్చింది. ఆ గదిలో అడుగుపెట్టే ముందు చెప్పులు విప్పమని నాన్న నా వీపు మీద ఒకటిచ్చినప్పుడు నువ్వింకా ఉయ్యాలలో ఉన్నావు. నాకు చెబుతావా పొర సంగతి?

పరీక్షంటావూ. సరే. తోట నీ పేర రాసిన రోజు నోటరీగారు ముందు గదిలో ఉంటే నేను వంటింట్లో కాఫీ కాస్తున్నాను. కాఫీ ఇచ్చి వచ్చాక తెలిసింది నాకేమీ లేదని. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నిజమే, నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. ఆ తోట నాకు కావాలి. నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఇంకొకరి ఇంట్లో ఇంకొకరి గిన్నెలు తోముతూ ముసలిదాన్ని కావడం నాకిష్టం లేదు.

ఆగస్టు వానలకు పైవరసల మట్టంతా కిందికి జారింది. బ్లేజ్ వీపు బుట్టలో ఎత్తి మళ్ళీ పైకి మోస్తున్నాడు. నిన్న ముప్ఫై ఎనిమిది బుట్టలు. "మీ జురా కొండవాళ్ళ మట్టి కూడా మేకల్లాంటిదే, సాయంత్రానికి ఇంటికి తోలుకురావాలి" అంటాడు. పళ్ళు బాగున్నాయి. చెవిలో దూది పెట్టుకుని పడుకో, మీ వార్డులో దగ్గు వినిపించదు.

లెయోనీ

*

రోష్‌క్లేర్
25 సెప్టెంబరు

అక్కా,

ముప్ఫై ఎనిమిది బుట్టలా! బావకి చెప్పు, మన ఊళ్ళో దాన్ని పని అనరు, వ్యాయామం అంటారని. అయినా మెచ్చుకున్నానని కూడా చెప్పు. బల్లపరుపు నేలలో పెరిగిన మనిషి ఏటవాలు మీద నిలబడటమే గొప్ప.

నువ్వు అడిగావు కాబట్టి నేనూ సూటిగా చెబుతాను. మొర్లో మంచి ధర ఇస్తానన్నాడు. కానీ వాడు తీగలు పీకించి కిందివరసల్లో యంత్రం తిరిగే తోట వేస్తాడు, పైవరసలు ముళ్ళపాలు చేస్తాడు. నాకు మీ చేతికివ్వాలనే ఉంది. జనవరి దాకా ఆగు.

కోత సవాన్యాతో కాదు, నల్ల ద్రాక్షతో మొదలుపెట్టండి. సవాన్యా అక్టోబరు చివరిదాకా వేలాడనివ్వండి, తొక్క ముడతలు పడనీ. బావ తొందరపడతాడు. ఆపు.

ఆన్సెల్మ్

*

వల్‌ఫ్రోయ్
12 అక్టోబరు

తమ్ముడికి,

కోత సాగుతోంది. వాతావరణం బాగుంది. పొద్దున పొగమంచు, పదింటికల్లా ఎండ. నల్ల ద్రాక్ష మొత్తం దిగింది, తొట్టెల్లో పులుస్తోంది. తూర్పు గోడ దగ్గర పైకప్పు పెంకులు నాలుగు ఊడితే మార్పించాను. పిల్లి ఈనింది. కోడిపెట్టలు గుడ్లు తగ్గించాయి.

బ్లేజ్‌కి ఒంట్లో అంత బాగాలేదు. అన్నం ముందు కూర్చుంటాడు, తినడు. పని మాత్రం మానలేదు.

చిన్న గది తాళంచెవి తలుపు వెనక మేకుకి వేలాడుతుండేది కదా, ఇప్పుడు నా జేబులో ఉంటోంది. కోతకి కూలీలు వస్తూ పోతూ ఉంటారు, అందుకని.

మందులు వేళకి వేసుకో.

లెయోనీ

*

రోష్‌క్లేర్
2 నవంబరు

అక్కా,

మధ్యలో రాయలేకపోయాను. జ్వరం తగిలింది, ఏమీ లేదు, తగ్గింది. పక్క మంచం మీది బడి మాస్టారుతో చదరంగం ఆడుతున్నాను. ఓడిపోతూ ఉంటే దగ్గు తెచ్చుకుంటాడు, నర్సు వచ్చి ఆట ఆపించేస్తుంది.

నీ ఉత్తరంలో పిల్లి ఉంది, కోడి ఉంది, పెంకులున్నాయి. పీపా లేదు. నేను పిల్లి గురించి అడిగానా?

ఒక పని చెయ్. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళు. బిరడా వేలెడు మాత్రం లేపి వాసన చూడు. ఏం తగిలిందో అలాగే రాయి. ఇక్కడ ముక్కుకి నేల కడిగే కార్బాలిక్ తప్ప ఇంకేమీ తెలియడం లేదు. నీ ముక్కు నాకు కాస్త అప్పు ఇవ్వు.

ఆన్సెల్మ్

*

వల్‌ఫ్రోయ్
16 నవంబరు

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే వెళ్ళాను. బిరడా కొంచెం లేపగానే వాసన గుప్పున మొహానికి కొట్టింది. పచ్చి అక్రోటు తొక్క వాసన ముందు, తర్వాత వేయించిన బాదం, ఆ తర్వాత ఎక్కడో అడుగున మెంతులు మాడినట్టు ఘాటు. గదంతా నిండిపోయింది. మేడమెట్ల దాకా నా వెంట వచ్చింది. పొర తెల్లగా, ముడతలు ముడతలుగా ఉంది, పాలమీద మీగడలా. కొవ్వొత్తి పట్టి చూశాను.

మన నాన్న పీపాలకంటే తక్కువేమీ కాదు. నువ్వు నిశ్చింతగా ఉండు.

సవాన్యా కోత మొన్న అయిపోయింది. చివరి బుట్ట దించినప్పుడు అందరికీ సాసేజీ, ఉడకబెట్టిన బంగాళాదుంపలు పెట్టాను. బ్లేజ్ నీకు నమస్కారాలు చెప్పమన్నాడు.

లెయోనీ

*

రోష్‌క్లేర్
1 డిసెంబరు

అక్కా,

నీ ఉత్తరం దిండు కింద పెట్టుకుని వారం రోజులు చదివాను. చాలా బాగా రాశావు. ఆ బాగా రాయడమే అనుమానం తెచ్చింది.

నవంబరు నడుమ ఆ పీపా అలా వాసన రాదు. చలి పడగానే పొర నిద్రపోతుంది, వాసన అణిగిపోతుంది. బిరడా దగ్గర ముక్కు పెట్టి కాసేపు ఓపిక పట్టాలి. గదంతా నిండి మెట్లదాకా రావడం ఆగస్టు సంగతి. ఆ రోజుల్లో నువ్వూ నేనూ చల్లదనం కోసం ఆ గది గుమ్మంలో కూర్చునేవాళ్ళం. నువ్వు రాసింది పీపా వాసన కాదు, నీ చిన్నప్పటి వాసన.

ఆ గదిలోకి వెళ్ళకుండా రాశావా, వెళ్ళి చూసింది దాచి రాశావా? రెండిట్లో ఏదైనా నాకు తెలియాలి. నేను చస్తాననేం భయపడకు. అడుగుతున్నాను, చెప్పు.

ఆన్సెల్మ్

*

వల్‌ఫ్రోయ్
8 డిసెంబరు

తమ్ముడూ,

నాకు జలుబు చేసింది. ఆ రోజు వాసన సరిగ్గా తెలియక గుర్తున్నది రాశాను. దానికే ఇంత రాద్ధాంతమా? పీపా ఉన్నచోటే ఉంది.

నువ్వు మనసు పాడుచేసుకోకు. డాక్టర్లు కూడా నిన్ను కలవరపెట్టొద్దన్నారు.

ఇక్కడ మంచు పడింది.

లెయోనీ

*

వల్‌ఫ్రోయ్
11 డిసెంబరు

ఆన్సెల్మ్‌కి, మీ అక్క మొగుడు బ్లేజ్ రాస్తున్నది.

నాకు ఉత్తరాలు రాయడం రాదు. లెయోనీ అంగడికి వెళ్ళింది, ఆమెకు తెలియకుండా రాస్తున్నాను.

నీ పీపా నేను నింపేశాను.

అక్టోబరు మొదటి శనివారం. మీ అక్క ఆర్బ్వాకి బుట్టలు కొనడానికి వెళ్ళింది. నేను నేలమాళిగ కడుగుతున్నాను. తాళంచెవి మేకుకి ఉంది. తెరిచాను. పీపా మీద వేలితో కొట్టి చూస్తే డొల్ల మోత. మూడో వంతు పైగా ఖాళీ. పాపం మనిషి దగ్గుతో మంచాన పడ్డాడు, పీపా చూసేవాడే లేకపోయాడు అనుకున్నాను. మా బర్గండీలో శనివారం శనివారం పీపాలన్నీ మూతిదాకా నింపాలి. గాలి తగిలితే పాడవుతుంది. నాకు అదే తెలుసు. ఇరవై రెండేళ్ళు అదే చేశాను. ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.

ఏదిపడితే అది పోయలేదు. మా ముసలి యజమాని పోయే ముందు నాకు ఒక చిన్న పీపా ఇచ్చాడు, 47 నాటిది. కొడుకులు లాక్కోబోతే ఆయన చేతిరాత చూపించి తెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ పనికి నాకు మిగిలింది అదే. అది మొత్తం పోశాను. గరాటు పెట్టి మెల్లగా పోశాను. అంతకంటే మంచిది నా దగ్గర లేదు.

సాయంత్రం లెయోనీ వచ్చాక, "పీపాలన్నీ నిండుగా ఉన్నాయని నీ తమ్ముడికి రాయి" అన్నాను. ఆమె కొవ్వొత్తి తీసుకుని కిందికి పరిగెత్తింది. పొర చినిగిన గుడ్డలా ముక్కలై తేలుతోంది. "ఏం చేశావయ్యా" అని మెట్ల మీద కూర్చుండిపోయింది. అప్పుడు చెప్పింది మీ పద్ధతి. ముందు చెప్పలేదంటుంది. చెప్పిందేమో, నేను విన్లేదేమో. ఈ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి నాకు వేరుగా చెప్పాలని ఆమెకు తోచి ఉండదు. తప్పు ఆమె మీద వేయకు.

జనవరి దాకా నోరెత్తనని ఒట్టు వేయించుకుంది. రెండు నెలలు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. నీ తోటలో మట్టి మోస్తూ నీకు అబద్ధం చెప్పడం నావల్ల కావడం లేదు.

తోట మొర్లోకి ఇస్తావని తెలుసు. వసంతంలోగా ఇంకో చోట పని చూసుకుంటాం. పైవరసల మట్టి మాత్రం మొత్తం పైకి చేర్చాను.

బ్లేజ్

*

రోష్‌క్లేర్
7 జనవరి 1959

అక్కా,

బావ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని చదివి దిండు కింద తోశాను. ఏడ్చాను కూడా. పాలు తెచ్చిన నర్సు దగ్గనుకుని వీపు తట్టింది. ఆరేళ్ళు, అక్కా. ప్రతి వేసవి ఆ గది గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి వెళ్ళాలనిపించినా ఆగి, తలుపేసి వచ్చేవాణ్ణి. ఆ పీపా ఇక పసుపు వైన్ కాదు, ఎప్పటికీ కాదు.

మూడో రోజు బావ ఉత్తరం మళ్ళీ తీశాను. తన బతుకంతటికీ మిగిలిన వైన్‌ని నా పీపాలో పోసిన మనిషిని ఏమని తిట్టాలో నాకు తోచలేదు. చాలాసేపు ప్రయత్నించాను.

నిన్ను తిట్టడం తేలిక. నువ్వు నాకు తాళంచెవి అబద్ధం రాశావు, వాసన అబద్ధం రాశావు, జలుబు అబద్ధం రాశావు. నా ఆరోగ్యం కోసమని అంటావు. తోట కోసం కూడా. రెండూ నిజమే అయ్యుంటాయి. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? మచ్చ చిన్నది కాదు. అక్టోబరులో నేను జ్వరమని రాసిన రోజుల్లో ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. ఇక కొండ ఎక్కలేను. క్రిస్మస్‌కి వస్తానని రాసినప్పుడే రానని తెలుసు. మనిద్దరం ఒకే తండ్రి పిల్లలం. చేదైనది నోట్లో పెట్టుకుని బాగుందనే రకం.

మొర్లోకి ఇవ్వనని రాసేశాను. తోట మీకే. అయితే కాగితం బావ పేర, బావ ఒక్కడి పేర రాయించాను. మొన్న నోటరీని ఇక్కడికే పిలిపించాను, నా సంతకం అయిపోయింది. ఆయన మీ ఇంటికి వస్తాడు, బావ సంతకం పెట్టాలి. నీ పేరెందుకు లేదని అడుగుతావు. ఈసారి అడుగు, సిగ్గుపడకు. జవాబు ఇది: ఆ ఇంట్లో పాడైనదాన్ని పాడైందని చెప్పగల మనిషి చేతిలో తోట ఉండాలి. నువ్వు చెప్పవు. నేనూ చెప్పను. నాలుగు చెడ్డ ఏళ్ళు వస్తే మనలాంటి వాళ్ళు అంతా బాగుందంటూనే తోట ముంచుతారు.

కోపం వస్తే రానీ.

ఆన్సెల్మ్

*

వల్‌ఫ్రోయ్
23 జనవరి 1959

ఆన్సెల్మ్,

కోపం వచ్చింది. మూడు రోజులు ఉంది. గిన్నెలు రెండు సొట్టపోయాయి.

రెండోసారి కూడా నా పేరు లేదు. మొదటిసారి ఆడపిల్లనని నాన్న నా పేరు రాయలేదు. ఇప్పుడు అబద్ధాలకోరునని నువ్వు రాయలేదు. నాన్న ఇచ్చిన కారణం మీద నేను ఇరవై ఏళ్ళు కోపంగా ఉండగలిగాను. నువ్విచ్చిన దాని మీద ఎంతకాలం ఉండాలో తెలియడం లేదు, ఎందుకంటే అది నిజం.

నోటరీ సోమవారం వచ్చాడు. బ్లేజ్ కలం పట్టుకుని నా మొహం చూశాడు. "నీ పేరు లేకుండా నేను పెట్టను, ఇంటికి పొమ్మను ఆయన్ని" అన్నాడు. నిజంగానే కలం బల్ల మీద పెట్టేశాడు. నేను ఒక్క కన్నీటి చుక్క రాలిస్తే చాలు, ఆ కాగితం చింపించేవాడు. నాకా సంగతి తెలుసు. "పెట్టు" అన్నాను. "ఆలోచించే అంటున్నావా?" అన్నాడు. "పెట్టవయ్యా, నోటరీగారికి చలేస్తోంది" అన్నాను. పెట్టాడు. నాన్న నన్ను అడగలేదు, నువ్వూ అడగలేదు. ఈ మనిషి ఒక్కడే అడిగాడు.

నిన్న సెయింట్ విన్సెంట్ పండుగ. పీపా తీశాం. ఊళ్ళో అందరికీ సంగతి తెలుసు, ఎవరూ తెలియనట్టే గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. మంచి తెల్ల వైన్, అంతే. పసుపు వైన్ ఛాయలు ఎక్కడో ఉన్నాయి, చేతికి అందవు. మర్యాదకి ఒకరు బాగుందన్నారు, ఇంకొకరు తలూపారు. బ్లేజ్ గొంతు సవరించుకుని "బాగులేదు. నేనే నింపి పాడుచేశాను" అన్నాడు. తర్వాత దువిలార్ ముసలాయన గ్లాసు ముందుకు చాపి "సరే, ఆ పాడైంది ఇంకాస్త పొయ్యి" అన్నాడు. అందరూ నవ్వారు, బ్లేజ్ కూడా. అక్టోబరు తర్వాత అతను నవ్వడం అదే మొదలు. కొత్త సవాన్యా ఒక పీపా చిన్న గదిలో పెట్టాం. ఆరేళ్ళ మూడు నెలలు. తాళంచెవి బ్లేజ్ దగ్గరే ఉంది.

ఇక నీ సంగతి. నా ఉత్తరంలో నవంబరు వాసన పట్టుకున్నావు కదా, నీ ఉత్తరంలో నేనూ ఒకటి పట్టుకున్నాను. ఒక ఊపిరితిత్తితో మనుషులు బతుకుతున్నారు, బస్సెక్కి ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చుని సంతకాలు పెడుతున్నారు. నువ్వు నోటరీని మంచులో నలభై కిలోమీటర్లు నీ మంచం దగ్గరికి రప్పించుకున్నావు. పండుగ దాకా ఆగమన్నవాడివి, రెండు వారాలు ఆగలేకపోయావు. కొండ ఎక్కలేనని రాశావు. కొండ ఒక్కటే అయితే ఇంత తొందర దేనికి?

ఇప్పుడు అడుగుతున్నాను. నీకింక ఎన్నాళ్ళు ఉందన్నారు? అంకె రాయి, తగ్గించకుండా రాయి. రాసినా రాయకపోయినా బుధవారం బస్సుకి వస్తున్నాను.

అక్క
లెయోనీ